నీ చేతిపని యేది?

(ఉద్యోగము కోరువారికిని, వారికొరకు సిఫారసు వ్రాయువారికిని ఒక పాఠము)

పఠన భాగములు: ఆదికాండము 46:31 – 47:6, 1 సమూయేలు 16:18, 17:32–40, అపొస్తలుల కార్యములు 9:43, 10:6.



2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుగా ఏర్పడకముందే, సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతమున శ్రీసిటీ వెలసెను. 2008లో ప్రారంభమైన ఆ పారిశ్రామిక నగరములో నేడు మోటారు వాహనములు మొదలుకొని చాకొలెట్ల వరకు అనేక వస్తువులు తయారగుచున్నవి. రేణిగుంట ప్రక్కన కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారమున్నది. చిత్తూరు చుట్టుప్రక్కల మామిడి గుజ్జు తీయు ఫ్యాక్టరీలున్నవి. తెల్లవారుజామున కంపెనీ బస్సు కొరకు రోడ్డు ప్రక్కన టిఫిను డబ్బాతో నిలుచుండు మన పిల్లలను చూచుచున్నాము. వారి నిమిత్తము దేవునికి స్తోత్రము.

అయితే ఆ బస్సు ఎక్కకముందు ప్రతివారును ఒక కాగితము వ్రాయవలసియున్నది. పేరు, ఊరు, చదువు వ్రాయుట సులభమే. 'అనుభవము' అను చోటికి వచ్చునప్పటికి కలము ఆగిపోవుచున్నది. అక్కడ కొందరు 'ఏమియు లేదు' అని వ్రాయుదురు. మరికొందరు లేనిదానిని కల్పించి వ్రాయుదురు. ఈ రెండును తప్పులేయని ఈ నెల పాఠములో నేర్చుకొనగోరుచున్నాము. మన పనిని గూర్చి మనము చెప్పునది సాక్ష్యము. సాక్షి తాను చూచినదానికంటె తక్కువ చెప్పరాదు, ఎక్కువ చెప్పరాదు.

1. ఫరో అడిగిన ప్రశ్న

కరవు చేత యాకోబు కుటుంబము ఐగుప్తునకు వచ్చెను. యోసేపు తన సహోదరులను రాజు సముఖమునకు తీసికొనిపోకముందు వారిని ప్రక్కకు పిలిచి, అక్కడ ఏమి అడుగుదురో, ఏమి చెప్పవలెనో నేర్పెను. రాజు మీ వృత్తిని గూర్చి అడుగును. అప్పుడు మీరు చిన్ననాటనుండి నేటివరకు మందలను కాయువారమనియు, మీ పితరులును అదే పనివారనియు చెప్పవలెనని బోధించెను. ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవు తమ్మునికి అన్న చెప్పు బుద్ధి మాటలవలె ఇవి యున్నవి కదా!

ఇందులో ఒక విశేషమును గమనింపుడి. గొఱ్ఱెల కాపరులనగా ఐగుప్తీయులకు అసహ్యమని అక్కడనే వ్రాయబడియున్నది. యోసేపు ఆ దేశములో బహుకాలము జీవించినవాడు. ఈ సంగతి అతనికి బాగుగా తెలియును. అయినను వృత్తిని దాచుడని చెప్పలేదు. ధాన్యపు వర్తకులమని చెప్పుడని నేర్పలేదు. ఉన్నదున్నట్లు, ఎంతకాలముగా చేయుచున్నారో దానితో కూడ చెప్పుడనెను.

ఫలమేమి? వారికి మంచి మేత భూమియైన గోషెను లభించెను. అంతేకాదు, వారిలో సమర్థులున్నయెడల తన సొంత మందలపైన వారిని అధికారులుగా నియమింపుమని రాజు యోసేపుతో చెప్పెను. లోకము చిన్నచూపు చూచిన పనియే వారికి రాజుగారి కొలువాయెను. వారు వేరొక వృత్తి పేరు చెప్పియున్నయెడల ఆ మందలు వారి చేతికి వచ్చియుండునా?

2. తక్కువ చేసి చెప్పువారు

మన సంఘములోని ఒక సోదరి ఆహార పదార్థముల ఫ్యాక్టరీలో ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాసికొని, చూచి పెట్టుమని మా యొద్దకు తెచ్చెను. అనుభవమను చోట గీత గీసియుండెను. "ఏమమ్మా, ఇక్కడ ఏమియు వ్రాయలేదే?" అని అడిగితిమి. "ఏం పని చేయలేదు అయ్యగారూ, ఇంటికాడే ఉండాను" అనెను.

మేము ఆమెను ఎరుగుదుము గనుక అంతటితో విడువలేదు. ఆమె మూడేండ్లుగా ఊరి పాలకేంద్రములో ఉదయము, సాయంకాలము పాలు పోయించుకొనుచుండెను. ఎన్ని ఇండ్ల పాలు వచ్చునని అడిగితిమి. సుమారు 40 ఇండ్లవని చెప్పెను. పాలలో నీళ్లు కలిసినవో లేదో ఆమెయే చూచును, వెన్న శాతము కొలుచును, పుస్తకములో వ్రాయును, 15 దినములకొకసారి ఎవరికి ఎంత రావలెనో లెక్క కట్టును. పైగా ఆరు సంవత్సరములనుండి పొదుపు సంఘపు పుస్తకములు ఆమె చేతిలోనే యున్నవి. ఆదివారపు బడిలో 25 మంది పిల్లలకు పాఠము చెప్పుచున్నది. ఇన్ని చేసిన బిడ్డ 'ఏమియు చేయలేదు' అని తనకు విరోధముగా తానే అబద్ధ సాక్ష్యము పలికెను.

ఆమె వినయము చేత అట్లు చెప్పలేదు. ఊరిలో చేసినది పనిగాదని, జీతపు చీటీ లేనిది అనుభవముగాదని ఆమెకు ఎవరో నేర్పిరి. మనలో అనేకుల పితరులు తోలుపనియు, జీతగాండ్రుగా పశువుల పనియు, కూలిపనియు చేసినవారు. ఆ పనుల పేరెత్తుటకే సిగ్గుపడునట్లు లోకము మనకు నేర్పెను. దేవుని వాక్యము అట్లు నేర్పుట లేదు. పేతురు యొప్పేలో ఎవరి యింట దిగెను? చర్మకారుడైన సీమోను ఇంట. దేవదూత కొర్నేలీకి ఆ యింటి విలాసము చెప్పినప్పుడు చర్మకారుడను మాటను విడిచిపెట్టలేదు, సముద్రపు దరినున్న యిల్లని మాత్రము చెప్పి ఊరకుండలేదు. పరలోకము సిగ్గుపడక పలికిన వృత్తి పేరును మనము ఏల మింగివేయవలెను? గొప్ప అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టువాడు. ఎఫెసు పెద్దలయెదుట తన చేతులను చూపి, ఇవియే నన్ను పోషించినవని చెప్పుకొనెను.

"తన్ను తాను పొగడుకొనుట క్రైస్తవునికి తగునా?" అని కొందరు అడుగుదురు. తగదు. మన నోరుగాక ఇతరుల నోరు మనలను పొగడవలెనని సామెతల గ్రంథము (27:2) బోధించుచున్నది. కాని పొగడ్త వేరు, సాక్ష్యము వేరు. 'నేను మిక్కిలి సమర్థురాలను' అనుట పొగడ్త. 'నేను 40 ఇండ్ల పాలు కొలిచి లెక్క వ్రాసితిని' అనుట సాక్ష్యము. బెసలేలుకు చేతిపనుల నేర్పును దేవుని ఆత్మయే అనుగ్రహించెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుచున్నాము. ఇచ్చినవాడు దేవుడైనప్పుడు, ఏమియు ఇయ్యలేదని చెప్పుట ఆయనకు ఘనత కాదు.

3. ఎక్కువ చేసి చెప్పువారు

ఈ భాగమును వ్రాయుట మాకు కష్టముగా నున్నది. అయినను దాచినయెడల ఈ పాఠము చెప్పుటకు మాకు అర్హత లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యౌవనుడు సంఘపు లేఖ కొరకు మా యొద్దకు వచ్చెను. ఒక వేసవిలో రెండు నెలలు తన మేనమామతో కూడ వెల్డింగు షెడ్డులో పని చేసియుండెను. "అయ్యగారూ, రెండేండ్లని వ్రాసి పెట్టండి. రెండు నెలలంటే పిలవరు" అని బ్రతిమాలెను. వాని తల్లి విధవరాలు; ఇంటిలో వివాహమునకు ఎదిగిన చెల్లెలు గలదు. మేము జాలిపడితిమి. రెండు సంవత్సరముల అనుభవము గలవాడని వ్రాసి, సంఘపు ముద్ర వేసి ఇచ్చితిమి. దానిని ప్రేమ కార్యమని తలంచితిమి.

వానికి పని దొరకెను. పని తెలిసినవాడని నమ్మి నాలుగవ దినమున గ్రైండరు వాని చేతికి ఇచ్చి ఒంటరిగా విడిచిరి. చక్రమును బిగించుట వానికి సరిగా తెలియదు; తెలియదని అడుగుటకు నోరు రాలేదు. రెండేండ్ల అనుభవము గలవాడు అట్టి ప్రశ్న అడుగునా? చక్రము పగిలి ఎడమచేతి రెండు వ్రేళ్లు పోయినవి. ఆసుపత్రిలో వాని తల్లి మమ్మును నిందించలేదు, ప్రార్థన చేయుమనెను. ఆ చేతిని పట్టుకొని ప్రార్థించుటకు మాకు చాలసేపు మాట రాలేదు.

'పొరుగువాని మీద' అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ మనకు తెలియును. పొరుగువానికి మేలుగా పలికిన అబద్ధము కూడ వాని మీదికే వచ్చునని ఆ దినమున నేర్చుకొంటిమి. కాగితము మీది అబద్ధము కాగితము మీదనే యుండదు. అది యంత్రము దగ్గరకు వచ్చును, కరెంటు తీగె దగ్గరకు వచ్చును, రోగి మంచము దగ్గరకు వచ్చును.

సౌలు సేవకులలో ఒకడు దావీదును గూర్చి సిఫారసు చేసినప్పుడు, యెష్షయి కుమారులలో ఒకనిని తాను చూచితినని మొదలుపెట్టెను. పిమ్మట వాని నేర్పును, ధైర్యమును, మాట తీరును, యెహోవా వానికి తోడైయుండుటను చెప్పెను. ఆ సేవకుడు చూచినది చెప్పెను. మేము చూడనిది వ్రాసితిమి. కాపరులారా, సంఘ పెద్దలారా, ఉపాధ్యాయులారా, మన సంతకము అడుగు ప్రతి బిడ్డ విషయములో ఈ భేదమును జ్ఞాపకముంచుకొందము. రెండు నెలలు పని చేసినవానికి 'రెండు నెలలలో ఇది నేర్చెను, త్వరగా గ్రహించువాడు, నేర్పిన నేర్చుకొనును' అని వ్రాయవచ్చును. అది సత్యము, మేలైన సిఫారసు కూడ.

4. దావీదు తన అనుభవమును చెప్పిన విధము

నీవు బాలుడవు, నీకు చేతకాదని సౌలు దావీదుతో చెప్పెను. నేడు మన పిల్లలు వినుచున్న మాటయు ఇదే. దావీదు ఏమి ప్రత్యుత్తరమిచ్చెనో వరుసగా చూడుడి. మొదట తన పని చెప్పెను: తండ్రి గొఱ్ఱెలను కాయుచుండెనని. రెండవది, ఆ పనిలో వచ్చిన కష్టము చెప్పెను: సింహమును ఎలుగుబంటియు వచ్చి మందలోని గొఱ్ఱెను ఎత్తికొనిపోయినవని. మూడవది, తాను చేసినది చెప్పెను: వెంటపడి, నోటనుండి విడిపించి, తన మీదికి లేచినదానిని గడ్డము పట్టి చంపెనని. నాలుగవది, ఆ అనుభవము ఇప్పటి పనికి ఎట్లు పనికివచ్చునో చెప్పెను. ఐదవది, తన్ను కాపాడినవాడు యెహోవాయని చెప్పెను.

'నేను ధైర్యవంతుడను, కష్టపడువాడను' అను మాట ఇందులో ఒక్కటియు లేదు. ధైర్యము అను మాట లేకయే ధైర్యము కనబడుచున్నది. గొఱ్ఱెల పని యుద్ధమునకు అనుభవమాయెను. అట్లే పాలకేంద్రపు పుస్తకము ఫ్యాక్టరీ పుస్తకమునకు అనుభవమగును. మంచమునబడిన అత్తగారికి వేళకు మందులిచ్చి చూచుకొన్న మూడేండ్లు ఆసుపత్రి పనికి అనుభవమగును.

అప్పుడు సౌలు తన కవచమును దావీదునకు తొడిగించెను. దావీదు నడువబోయి, ఇవి తనకు అలవాటు లేనివని చెప్పి తీసివేసెను. నేటి సౌలు కవచము నెట్ సెంటరులో దొరకును. ముందు వచ్చినవాని కాగితములోని మాటలనే పేరు మార్చి అచ్చుతీసి ఇత్తురు. ఒకే ఊరినుండి పోయిన పదిమంది కాగితములలో ఒకే వాక్యములు, ఒకే గుణములు, ఒకే అలవాట్లు! ఎదుటి అధికారి ఆ వాక్యము చూపి, దీని అర్థమేమని అడిగినయెడల ఏమి చెప్పుదురు? తన వడిసెలయు, ఏటిలో తానే ఏరుకొన్న అయిదు రాళ్లును చాలునని దావీదు వెళ్లెను.

5. వ్రాయవలసిన విధము

ఉద్యోగము కోరు బిడ్డలు మొదట తెలుగులో, తమ చేతితో, ఈ ఐదు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను.

ఒకటి, ఏ పని చేసితిని? 'కూలి' అని ఒక్క మాట చాలదు. నాటుట, కోత, ట్రాక్టరు తోలుట, మోటారు బాగుచేయుట, మరమగ్గము నడుపుట అని విడదీసి చెప్పవలెను.

రెండు, ఎంత చేసితిని? ఎన్ని ఇండ్లు, ఎన్ని లీటర్లు, ఎన్ని మగ్గములు, ఎంతమంది పిల్లలు.

మూడు, ఎంతకాలము? ఇచ్చట జాగ్రత్త. మూడు వేసవులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రెండేసి నెలలు కాయలు ఏరినవారు 'మూడు సంవత్సరములు' అని వ్రాయరాదు. 'మూడు కాపు కాలములు, మొత్తము ఆరు నెలలు' అని వ్రాయవలెను. మూడు సారులు మరల పిలువబడుటయే మంచి సాక్ష్యము.

నాలుగు, ఏ పనిముట్లతో, ఏ యంత్రములతో? వానిలో ఏది ఒంటరిగా చేయగలను, ఏది ఒకరి సహాయముతో చేయగలను?

ఐదు, ఎవరు చూచిరి? మేస్త్రీ, కేంద్రపు అధ్యక్షుడు, పొదుపు సంఘపు నాయకురాలు, ఉపాధ్యాయుడు. వారి అనుమతి అడిగి వారి పేరు వ్రాయవలెను.

ఈ ఐదింటితో మన సోదరి దరఖాస్తు ఇట్లు మారెను: 'మా ఊరి పాలకేంద్రములో మూడు సంవత్సరములుగా దినమునకు రెండు పూటలు పని చేయుచున్నాను. సుమారు 40 ఇండ్ల పాలను పరీక్షించి, కొలిచి, పుస్తకములో వ్రాసి, 15 దినములకొకసారి లెక్క కట్టుచున్నాను. పొదుపు సంఘపు పుస్తకములు ఆరు సంవత్సరములుగా వ్రాయుచున్నాను. కంప్యూటరు తెలియదు, నేర్పిన నేర్చుకొందును.' ఇందులో కల్పించినది ఒక్కటియు లేదు.

దరఖాస్తు ఇంగ్లీషులో కావలసినయెడల, ఈ తెలుగు కాగితమును తెలిసినవారిచేత మార్పించుకొని, మాట మాటకు అర్థము చెప్పించుకొనవలెను. నీ నోటితో వివరించలేని వాక్యము క్రింద సంతకము చేయవద్దు. మధ్యలో చదువు గాని పని గాని ఆగిపోయినయెడల కారణమును ఒక్క మాటలో చెప్పుము: తల్లి జబ్బు, కాన్పు, కరవు. అది నేరము కాదు. ఉద్యోగమిప్పింతునని రొక్కము అడుగువారికి, అసలు సర్టిఫికెట్లు తమయొద్ద ఉంచుమనువారికి దూరముగా నుండుడి.

కాగితము లేని పనికి గుర్తింపు పొందు మార్గములు కూడ కొన్ని గలవు. అసంఘటిత కార్మికులు తమ వృత్తిని నమోదు చేసికొనుటకు 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ-శ్రమ్‌ను ప్రారంభించి, 12 అంకెల సంఖ్యగల కార్డు ఇచ్చుట మొదలుపెట్టెను. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకము 18 చేతివృత్తులకు గుర్తింపు పత్రమును, శిక్షణను ఏర్పరచెను. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ మేస్త్రీ, దర్జీ, బుట్టలు చాపలు అల్లువారు అందులో నున్నారు. చెప్పులు కుట్టువారును ఉన్నారు. అనుభవము చేత నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చు పద్ధతియు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చబడెను. వీనిని గూర్చి గ్రామ సచివాలయములో విచారింపవచ్చును.

6. ముగింపు

ఆ సోదరికి ఉద్యోగము వచ్చెనా యని మీరు అడుగుదురు. మొదటి చోట రాలేదు. సత్యము చెప్పిన ప్రతివానికి వెంటనే పని దొరకునని మేము వాగ్దానము చేయజాలము. రెండవ చోట ఇంటర్వ్యూలో పాలు ఎట్లు పరీక్షింతువని అడిగిరి. ఆమె తడబడక చెప్పెను. అది తన సొంత వడిసెల గదా! సరుకు నాణ్యత చూచు పనిలో ఆమెను తీసికొనిరి.

వ్రేళ్లు పోగొట్టుకొన్న యౌవనుడు ఇప్పుడు ఒక దుకాణములో లెక్కలు చూచుచున్నాడు. ఆదివారమున మందిరమునకు వచ్చును. మేము వానిని క్షమాపణ అడిగితిమి, వాడు క్షమించెను. మరల సంఘపు లేఖ వ్రాసి ఇచ్చినప్పుడు, వ్రాసిన ప్రతి మాటను వానికి చదివి వినిపించిన తరువాతనే ముద్ర వేసితిమి.

ఆలోచనకు ప్రశ్నలు

1. యోసేపు సహోదరులు తమ వృత్తిని దాచియున్నయెడల ఏమి నష్టపోయియుందురు?

2. నీవు చేసిన పనులలో ఏది 'పనిగాదు' అని ఇంతవరకు తలంచితివి? ఎందుచేత?

3. ఇతరుల మేలు కొరకని మనము పలికిన అబద్ధ సాక్ష్యమేదైన గలదా? దానిని ఎట్లు సరిచేయగలము?

4. ఈ నెలలో ఒక ఆదివారము ఆరాధన తరువాత, సంఘములోని యౌవనస్థులతో కూర్చుండి ఐదు ప్రశ్నలకు జవాబులు వ్రాయించుటకు మీ సంఘములో ఎవరు ముందుకు వత్తురు?

ప్రార్థన

మా చేతులకు పని నేర్పిన తండ్రీ, నీవు ఇచ్చినదానిని లేదని చెప్పిన సిగ్గును, ఇయ్యనిదానిని ఉన్నదని చెప్పిన ఆశను క్షమించుము. పని కొరకు తలుపులు తట్టుచున్న మా బిడ్డల నోట సత్యమును, దానితో కూడ ధైర్యమును ఉంచుము. వారి చేతులను కాపాడుము. వడ్రంగియని పిలువబడుటకు సిగ్గుపడని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.